నీలం గడిలో తువాలు

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశం మబ్బేసి ఉంది. కురవాలని ఉన్నా, పైనుంచి ఉత్తర్వు రాలేదని ఆగిపోయినట్టు ఉంది. తూర్పున ఒక్క చోట మాత్రం మబ్బు చీలింది. ఆ చీలికలోంచి వెలుగు వచ్చి సరిగ్గా రైతు బజారు గుమ్మం ముందు పడింది. అక్కడ కొత్తగా వేసిన నీలం రంగు గడి తళతళ మెరుస్తోంది.

మా పట్నం పేరు చెప్పను. చెబితే మిగతా పట్నాల వాళ్లు తమకేం తక్కువని నొచ్చుకుంటారు.

గడి అంటే కారు పట్టేంత గడి. చుట్టూ తెల్ల గీతలు, లోపలంతా నీలం, మధ్యలో చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి బొమ్మ. బొమ్మకి మొహం వెయ్యలేదు. పక్కన కంబానికి బోర్డు ఉంది. "విభిన్న ప్రతిభావంతుల ప్రత్యేక వాహన నిలుపుదల స్థలము. అనుమతి లేనివారు శిక్షార్హులు."

మా బావమరిది యలమందకి ఎడమ కాలు మోకాలి దగ్గర్నుంచి లేదు. పత్తి మూటల మీద కూర్చుని వస్తుంటే లారీ బోర్లాపడి పోయింది. పక్క చక్రాలున్న స్కూటరు మీద తిరుగుతాడు. దిగితే చంక కింద కర్ర. చేలో ఆకుకూరలు వేస్తాడు. బజారులో అతని అంగడీ నా అంగడీ పక్కపక్కనే. అతనివి తోటకూర, గోంగూర. నావి సొరకాయలు, దోసకాయలు. ఆ బజారు పెట్టినప్పటి నుంచీ యలమంద స్కూటరు ఆపేది ఇప్పుడు నీలం గడి ఉన్న చోటే. అప్పుడు రంగూ లేదు, బోర్డూ లేదు, అడిగేవాడూ లేడు. గంపలు దించుకుని, కర్ర ఊతంతో నాలుగు అంగలేస్తే అంగడి.

ఇప్పుడా చోటు అచ్చంగా అతని కోసమే కేటాయించారు. కాబట్టి అక్కడ ఆపడానికి వీల్లేదు.

సంగతేమిటంటే, ఇంకేదో పట్నానికి "విభిన్న ప్రతిభావంతుల మిత్ర పట్టణం" అని బహుమతి వచ్చిందని పేపర్లో పడింది. అది చదివి మా పురపాలక సంఘానికి పౌరుషం పుట్టుకొచ్చింది. ఆ పౌరుషంలో గడి వేశారు. అదే ఊపులో బజారు వీధిని వాహన రహిత మండలం చేశారు. వీధి మొదట్లో సినిమా హాలు ఉంటుంది, చివర్లో బజారు గుమ్మం. సినిమా హాలు దగ్గర అడ్డకర్ర కట్టి, కాపలాకి మస్తాన్‌వలిని పెట్టారు. పర్మిట్ ఉన్న బండి ఒక్కటే కర్ర దాటి గడి దాకా పోవాలి. మిగతా బళ్లన్నీ సినిమా హాలు వెనక దొడ్లో ఆపాలి. ఆ దొడ్డి గేటు ఆరున్నరకి గానీ తియ్యరు.

మస్తాన్‌వలి స్కూటరు చూడగానే విజిల్ ఊదాడు. రోజూ తెల్లవారి మమ్మల్ని చూసే మనిషే. విజిల్ కొత్తది.

"యలమంద మావా, ఆపు. ఇటు పోగూడదు."

"ఏంది మస్తానూ, నేనే."

"నువ్వేలే. దూరంగా ఆ నీలం కనపడతందా? అది వికలాంగులది."

"మరి నేనెవరిని?"

"పర్మిట్ ఉందా?"

యలమంద లుంగీ పైకి జరిపి, ఉన్నంత కాలు చూపించాడు. మస్తాన్‌వలి పక్కకి తిరిగాడు.

"మావా, కాలు లేదని నాకు తెలుసు. నాకు తెలిస్తే సరిపోదంట. కాయితానికి తెలియాలంట."

ఆ రోజు మేము దొడ్లో బండి ఆపాం. గంపలు నేను నెత్తిన పెట్టుకున్నాను, యలమంద కర్రతో వీధంతా నడిచాడు. జనం, మురిక్కాలవ మీద బల్లలు, అడ్డొచ్చే గేదెలు. అంగడి దగ్గరికి చేరేసరికి ఏడు గంటల గంట కొట్టేశారు. బజారు రూలు ప్రకారం అంగడి ఎవరి పేరున ఉందో ఆ రైతే ఏడులోపు మిషను మీద బొటనవేలు పెట్టాలి. వేరేవాళ్ల వేలు పనికిరాదు. మూడు సార్లు తప్పితే అంగడి రద్దయి, వరసలో ఉన్న ఇంకో రైతుకి పోతుంది. యలమంద వేలు పెట్టాడు. "మీ సమయం ముగిసినది, ధన్యవాదములు" అంది మిషను. అందులో ఆడపిల్ల గొంతు చాలా మర్యాదగా ఉంటుంది.

అంగడి పోతే యలమందకి ఇంకేమీ లేదు. గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మే పని ఒంటికాలితో అయ్యేది కాదు.

అందుకని పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టాం.

దాన్ని పరిశీలించే వారి పేరు "విభిన్న ప్రతిభావంతుల వాహన నిలుపుదల అర్హత నిర్ధారణ కమిటీ". ఒక బోర్డులో పట్టక, తలుపుకి అటొకటీ ఇటొకటీ రెండు బోర్డులు కొట్టారు. గుమ్మానికి కొత్తగా ఏటవాలు దారి కట్టారు. బళ్లు ఎక్కించి పాడు చేస్తారని దానికి అడ్డంగా గొలుసు వేశారు. మేము మెట్ల మీదుగా పోయాం.

బల్ల వెనక మధ్యలో అధ్యక్షులవారు. ఆయన పేరు రాసిన పలక ఉంది గానీ, దాని ముందు పూలగుత్తి ఉండి కనపడలేదు. అందరూ అధ్యక్షులవారనే అనేవారు. పక్కన రాసుకోవడానికి విశ్వేశ్వరి గారు. ఆయన చెప్పిందల్లా ఆవిడ రాస్తారు, రాసిందల్లా పాటిస్తారు.

"రండి, ఆసీనులు కండి," అన్నారు అధ్యక్షులవారు. "మీవంటి విభిన్న ప్రతిభావంతుల సంక్షేమమే ఈ కమిటీకి ఊపిరి."

"నాకు ప్రతిభ ఏమీ లేదు సార్. కాలే లేదు," అన్నాడు యలమంద.

"వినయం కూడా ప్రతిభే. నమోదు చేయండి విశ్వేశ్వరి గారూ."

ఆవిడ నమోదు చేశారు.

యలమంద సంచీలోంచి సదరం సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దాసుపత్రి డాక్టర్లు చూసి, వైకల్యం ఇంత శాతమని రాసిచ్చిన కాగితం. అధ్యక్షులవారు దాన్ని వేలి కొసతో ఇటు తిప్పి, అటు తిప్పి, వెనక్కి నెట్టారు.

"సంతోషం. మీకు కాలు లేదని ఇది ధ్రువీకరిస్తోంది. కాలు లేకపోవుట వలన నడవలేకపోవుచున్నారని ఎక్కడ ధ్రువీకరిస్తోంది? ఈ కమిటీ విధానం ప్రత్యక్ష పరిశీలన. పర్మిట్ ఎవరికి? నడవలేని వారికి. ఔనా?"

"ఔను సార్."

"మీరు ఇక్కడికి ఏ విధంగా విచ్చేశారు?"

"స్కూటరు మీద సార్."

"స్కూటరు ఎక్కడ నిలిపారు?"

"సినిమా హాలు వెనక దొడ్లో."

"అక్కడి నుంచి?"

యలమంద నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను.

"కర్ర పట్టుకుని నడిచొచ్చాను సార్."

అధ్యక్షులవారు వెనక్కి వాలారు. విశ్వేశ్వరి గారు అడగకుండానే రాసి, చదివి వినిపించారు. "దరఖాస్తుదారు స్వయముగా నడిచి వచ్చినందున అర్హత లేదని నిర్ధారించడమైనది."

"మరి నడవలేనోడు మీ కాడికి ఎట్టా వస్తాడు సార్?" అన్నాడు యలమంద.

"రాలేనివాడే అర్హుడు," అన్నారు అధ్యక్షులవారు. "అతను రాగానే పరిశీలించి పర్మిట్ ఇస్తాం."

తరవాతి విచారణకి యలమంద రాలేదు. నేనొక్కడినే పోయాను.

"మీరెవరు?"

"ఆయన బావనండి."

"దరఖాస్తుదారు?"

"రాలేదండి. రాలేనివాడే అర్హుడన్నారు కదా."

"నిస్సందేహంగా అర్హుడే కావచ్చు. కానీ అది తేల్చాలంటే రావాలి కదా," అన్నారు అధ్యక్షులవారు. విశ్వేశ్వరి గారు "గైర్హాజరు" అని రాశారు.

మూడోసారి అతన్ని వీపు మీద ఎక్కించుకుని పోయాను. యలమంద మనిషి పలచనే గానీ, మెట్లెక్కేటప్పుడు నా మెడ పట్టుకుని తిట్టాడు.

"ఏంది బావా, పత్తి మూటని మోసినట్టు మోస్తన్నావు. ఇంకో కాలు కూడా ఇరగ్గొడతావా?"

"ఇరిగితే పర్మిట్ వచ్చిద్దేమో చూద్దాం."

"నీ వీపు వాసనకే ఇచ్చేస్తారు పద."

లోపల దించగానే అధ్యక్షులవారి మొహం వికసించింది. లేచి వచ్చి, నా వెనక్కి వెళ్లి, నా వీపుని తేరిపార చూశారు.

"అద్భుతం! దరఖాస్తుదారు అడుగు తీసి అడుగు వేయలేదు. ఈ విషయంలో కమిటీకి ఏకాభిప్రాయం ఉంది. అయితే ఇతనికి గుమ్మం వరకే కాదు, గుమ్మం లోపలి వరకు, కుర్చీ వరకు వచ్చే వాహనం ఇప్పటికే అందుబాటులో ఉంది. అంతకంటే తక్కువ సౌకర్యం కోసం ప్రభుత్వ స్థలం ఎందుకు?" ఆయన నా భుజం తట్టారు. "మీ వీపుకి పర్మిట్ అవసరం లేదు. నిర్భయంగా తిరగండి."

బయటికొస్తుంటే వరండాలో చాలామంది కూర్చుని ఉన్నారు. కర్రల వాళ్లు, చక్రాల బళ్ల వాళ్లు, చేతుల మీద పాక్కుంటూ మెట్లెక్కిన ఒక పెద్దామె. ఆమెకి ఏం రాశారో తరవాత తెలిసింది. "ప్రత్యామ్నాయ పద్ధతిలో నడిచి వచ్చినందున."

నెల తిరిగేసరికి పట్నంలో ఉన్న కర్రలన్నీ కమిటీ గుమ్మం ఎక్కాయి, దిగాయి. అర్హుడు ఒక్కడూ తేలలేదు. దాని మీద పేపర్లో ఒక వార్త వచ్చింది. మా పట్టణంలో నడవలేని మనిషంటూ లేడని, ఇది పరిపాలనా దక్షతకి నిదర్శనమని.

ఈ లోపు యలమంద రోజూ ఎట్టాగో ఏడుకి ముందే అంగడి చేరుతున్నాడు. ఒక రోజు రాత్రంతా వాన కురిసింది. పొద్దున వీధిలో బల్ల మీద యలమంద కర్ర జారింది. మురిక్కాలవలో పడ్డాడు. లేపి, కడిగి, అంగడి చేర్చేసరికి మిషను మళ్లీ ధన్యవాదాలు చెప్పింది. అది రెండోసారి.

ఇంటికొచ్చాక యలమంద పెళ్లాం తిరపతమ్మ అతని మోచేతికి పసుపు రాస్తూ మా ఇద్దర్నీ వాయించింది.

"ఆ గడేమన్నా గుళ్లో గర్భగుడా? బస్సులో సీటు మీద తువాలు ఏస్తే ఎవడన్నా తీసి కూర్చుంటాడా? ఇంత వయసొచ్చింది, ఇద్దరు మగోళ్లుండి ఒక చోటు ఆపుకోలేకపోయారు. ఆ గడిలో కూడా ఒక తువాలు పడెయ్యి అన్నయ్యా, పోయిద్ది పీడా!"

ఆమె కోపంలో అంది. నేను మాత్రం ఆ మాటని పక్కన పెట్టలేకపోయాను. 

మా వైపు బస్సులకి ఒక ధర్మం ఉంది. కిటికీలోంచి తువాలు పడితే ఆ సీటు తువాలుదే. తువాలు వేసినవాడు ఎక్కడో టీ తాగుతుండొచ్చు. బస్సు నిండిపోయి జనం ఫుట్‌బోర్డు మీద వేలాడుతుండొచ్చు. సీటు మీద తువాలు ఉందంటే తహసీల్దారు కూడా నిలబడే వస్తాడు. నోటు పడేసినా తీస్తారు గానీ తువాలు తియ్యరు.

మర్నాడు మా ఊరి నుంచి మొదటి బస్సుకే పట్నం పోయాను. యలమంద తువాలు తీసుకెళ్లాను. ఎర్రంచు తువాలు, ఉతికి ఉతికి పలచబడింది. నీలం గడిలో, బొమ్మ మనిషి ఒళ్లో సరిగ్గా పరిచాను. ఎగిరిపోకుండా మీద ఒక సొరకాయ పెట్టాను. అక్కడ నిలబడి అడ్డకర్ర వైపు చూశాను. వీధి తిన్నగా ఉంటుంది కనక అన్నీ కనపడతాయి.

యలమంద స్కూటరు వచ్చింది. మస్తాన్‌వలి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఊదలేదు. కళ్లు చికిలించి గడి వైపు చూశాడు. తరవాత వాళ్ల మధ్య జరిగింది యలమందే చెప్పాడు.

"ఎవరిదయ్యా ఆ తువాలు?"

"నాదే."

"ఎప్పుడేశావు?"

"బావ ఏశాడు. కోడి కూతకే."

మస్తాన్‌వలి తీసిన విజిల్ని మళ్లీ నోట్లో పెట్టుకుని, మళ్లీ తీసి, కర్ర పైకెత్తాడు.

"పర్మిట్ లేని బండిని పంపగూడదు మావా, రూలు. కానీ తువాలు ఏసినోడిని ఎక్కనియ్యని కండక్టరుని నువ్వెప్పుడన్నా చూశావా? పో."

ఆ రోజు నుంచి రోజూ అదే వరస. నేను ముందొచ్చి తువాలు వేసేవాణ్ణి, యలమంద వెనకొచ్చి స్కూటరు ఆపేవాడు. ఏడుకి ముందే వేలు పెట్టేవాడు. "నమస్కారములు, మీ హాజరు నమోదైనది" అనేది మిషను. ఆ గొంతు ఆ మాట కూడా అనగలదని మాకప్పుడే తెలిసింది.

పెద్ద పెద్ద కార్ల వాళ్లు కూడా ఒకరిద్దరు మస్తాన్‌వలిని బెదిరించి కర్ర దాటి వచ్చారు. గడి దగ్గర ఆగేవారు, తువాలు చూసేవారు, వెనక్కి తిప్పుకునేవారు. చట్టం, బోర్డు, శిక్ష ఇవేమీ ఆపలేని కార్లని సొరకాయ కింద తువాలు ఆపింది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఇంతలో మా పట్నానికి ఆ బహుమతి ఇవ్వడానికి ముందు రాజధాని నుంచి పరిశీలక బృందం వస్తోందని కబురు. వారి సమక్షంలో మొదటి పర్మిట్ ఇవ్వాలి. పర్మిట్ సిద్ధంగా ఉంది, అట్టకట్టి అద్దంలో పెట్టారు. తీసుకునేవాడే లేడు. ఉన్నవాళ్లందరికీ అర్హత లేదని కమిటీయే సంతకాలు చేసింది.

తరవాతి సంగతి అధ్యక్షులవారి కారు డ్రైవరు ఏసోబు టీ కొట్టు దగ్గర చెప్పాడు. ఏసోబు మెల్లగా మాట్లాడే మనిషి. చెబుతూ చెబుతూ గ్లాసులో టీ చల్లార్చుకున్నాడు.

"కమిటీ అంతా తలకాయలు పట్టుకు కూర్చున్నారు. విశ్వేశ్వరమ్మ గారు రూలు చదివారు. బండి దిగిన చోటు నుంచి కమిటీ బల్ల దాకా నడిచినట్టు ఎవరి మీద ఆధారం లేదో, ఎవరికి మోసేవాళ్లు కూడా లేరో, కానీ ఎవరు హాజరయ్యారో, వాళ్లే అర్హులు. అట్టాంటోళ్లు ఎవరున్నారని అందరూ ఎతికారు. ఎతికి ఎతికి అందరూ ఒక్క వైపే చూశారు."

"ఎటు?"

"మా సారు వైపే. గొలుసు తీసి కారుని ఆ ఏటవాలు మీదుగా గది గుమ్మం దాకా ఎక్కిస్తాను గదా నేను. తలుపు తీస్తే కుర్చీయే. సారు నడిచినట్టు ఎక్కడా ఆధారం లేదు. సంచీ నేనే తెస్తాను, ఫైళ్లు బంట్రోతు తెస్తాడు. మా సారు ముందు వద్దన్నాడు. విశ్వేశ్వరమ్మ గారు, రూలు సార్, అంది. సారు కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. ఇంతకాలం నా లోపం నాకే తెలియలేదు, అన్నాడు."

ఆ విధంగా మొదటి పర్మిట్ అధ్యక్షులవారికి మంజూరైంది.

బృందం వచ్చే రోజు పొద్దు పొడవక ముందే వీధి ఊడ్చి సున్నం చల్లారు. బజారు గుమ్మానికి మామిడాకులు కట్టారు. సన్నాయి మేళం వచ్చింది. ముహూర్తం ఏడుకి కాస్త ముందు పెట్టారు. గడి పక్కన షామియానా వేసి బృందాన్ని కూర్చోబెట్టారు. కార్యక్రమం ఏమిటంటే, అధ్యక్షులవారి కారు పర్మిట్ చూపించి అడ్డకర్ర దాటి వచ్చి గడిలో ఆగుతుంది. బృందం చప్పట్లు కొడుతుంది.

నేను రోజూలాగే మొదటి బస్సుకి వచ్చి తువాలు వేశాను. అందరూ చూశారు. తోరణం కట్టేవాళ్లు తువాలుని తొక్కకుండా చుట్టు తిరిగి కట్టారు.

అడ్డకర్ర దగ్గర యలమందని ఆపేశారు. అక్కడా, తరవాత దారిలోనూ జరిగింది యలమందే చెప్పాడు. తిరపతమ్మ కూడా ఆ రోజు అన్నం క్యారియరుతో వెనక సీటు మీద ఉంది.

"ఇయ్యాల మాత్రం అడగమాక మావా," అన్నాడు మస్తాన్‌వలి. "సారు కారు పోయిందాకా చీమ కూడా కదలగూడదన్నారు. తువాలు ఉందని నాకు తెలుసు. నా చేతిలో లేదు."

"ఏడు కొట్టిద్ది మస్తానూ. ఇప్పటికి రెండు తప్పులయ్యాయి. పోనీ నడిచి పోతా."

"మనిషి కూడా పోగూడదు. సారు తరవాతే."

యలమంద బండి తీసుకెళ్లి దొడ్లో పెట్టి, కర్ర చంకన పెట్టుకుని, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు దగ్గర నిలబడ్డాడు.

అధ్యక్షులవారి కారు వచ్చింది. ముందు అద్దానికి పర్మిట్, దానికి బంతిపూల దండ. మస్తాన్‌వలి కర్ర ఎత్తి సలాం కొట్టాడు. సన్నాయి అందుకుంది. కారు మెల్లగా వీధంతా నడిచి, గడి ముందుకొచ్చి ఆగింది. ఆగి, అక్కడే ఉండిపోయింది.

వెనక అద్దం దిగింది.

"ఏమిటి ఏసోబూ?"

"తువాలు సార్."

"ఏ తువాలు?"

"ఎవరో ఏసుకున్నారు సార్. ముందుగానే."

"తీసెయ్."

ఏసోబు దిగాడు. గడి అంచుదాకా వెళ్లాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను తియ్యలేను సార్. నేను కూడా బస్సెక్కే వచ్చినోణ్ణి."

బంట్రోతుని పిలిచారు. అతను షూ లేసు కట్టుకోవడానికి వంగి ఇంక లేవలేదు. మేళగాళ్లని చూశారు. వాళ్లు ఇంకొంచెం గట్టిగా ఊదారు. బజారు జనమంతా అంగళ్లలోంచి లేచి నిలబడ్డారు. అందరూ తువాలునే చూస్తున్నారు.

అధ్యక్షులవారు స్వయంగా దిగారు. ఆయన దిగడం చూసి విశ్వేశ్వరి గారు కాగితాల అట్ట తెరిచారు. ఆయన గడి దాకా వచ్చి, వంగి, చెయ్యి చాపారు. సొరకాయ దాకా వచ్చిన చెయ్యి ఆగింది. ఎంత అధికారి అయినా ఎప్పుడో చదువుకునే రోజుల్లో పండగకి బస్సెక్కినవాడే. కిటికీలోంచి తువాలు విసిరినవాడే. ఆ చేతికి ఏదో గుర్తొచ్చినట్టుంది. వెనక్కి తీసుకుని, జేబులో పెట్టుకున్నారు.

"కారు దొడ్లో పెట్టు," అన్నారట ఏసోబుతో, ఎవరికీ వినపడకుండా. "నేనూ అక్కడే దిగుతాను. లాంఛనంగా మళ్లీ ప్రవేశిస్తాను."

కారు వెనక్కి పోయింది. సినిమా హాలు వెనక ఆగింది. అధ్యక్షులవారు దిగి అడ్డకర్ర దాటారు. మస్తాన్‌వలి తాడు వదిలాడు. తాడు దగ్గరున్న జనంతో పాటు యలమంద కూడా కదిలాడు.

మా వాడు వీధిని ఎట్టా దాటాలో అప్పటికి నేర్చుకున్నాడు. బల్ల ఎక్కడ వదులో, గేదె ఎక్కడ అడ్డంగా పడుకుంటుందో అన్నీ తెలుసు. వాన లేదు, దారి ఊడ్చి ఉంది. గట్టిగా అంగలేస్తే గంటకి ముందే చేరతాడు. కానీ ముందు అధ్యక్షులవారు నడుస్తున్నారు. అధికారిని దాటి నడవకూడదు. పక్కనున్న ఉద్యోగులు చేతులు చాపి అందర్నీ వెనకే ఆపారు.

అధ్యక్షులవారికి నడక అలవాటు లేదు. నాలుగు అడుగులకి ఒకసారి ఆగి, చుట్టూ పరిశీలిస్తున్నట్టు నటించి, ఊపిరి తీసుకుంటున్నారు. ఒకచోట వదులు బల్ల మీద తూలారు. వెనక నుంచి యలమంద కర్ర అడ్డంపెట్టి ఆపాడు.

"ఇంకెంత దూరం?" అన్నారు ఆయన.

"ఇంకా ఉంది సార్. అలవాటు లేనప్పుడు ఇంకొంచెం ఎక్కువ ఉంటది."

"రోజూ ఇలాగే వస్తారా?"

"తువాలు ఏసుకోకముందు ఇట్టాగే సార్. సార్, నన్ను కాస్త ముందు పోనిస్తారా? ఏడు కొట్టిద్ది. అంగడి పోయిద్ది."

అధ్యక్షులవారు ఏదో అనబోయారు. ఊపిరి అందలేదు. పక్కనున్న ఉద్యోగి "ప్రోటోకాల్, ప్రోటోకాల్" అని యలమంద భుజం పట్టి వెనక్కి నెట్టాడు.

వాళ్లు గుమ్మం చేరకముందే గంట కొట్టింది. నేను అంగట్లో నిలబడి వింటున్నాను.

అధ్యక్షులవారు షామియానాలోకి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. బృందం లేచి చప్పట్లు కొట్టింది. విశ్వేశ్వరి గారు లేచి, అట్ట తెరిచి, రోజూ చదివే గొంతుతోనే చదివారు. "పర్మిట్ గ్రహీత స్వయముగా నడిచి వచ్చినందున అర్హత లేదని నిర్ధారించడమైనది. పర్మిట్ రద్దు పరచడమైనది."

అధ్యక్షులవారు తల ఊపారు. రూలు రాసింది ఆయనే. కాదనడానికి వీల్లేదు.

బృందం నాయకుడికి ఇది ఎంతో నచ్చింది. తన మీద తానే నిబంధన అమలు చేసుకున్న అధికారిని, అర్హుడంటూ ఒక్కడు కూడా లేని పట్టణాన్ని తన సర్వీసులో చూడలేదన్నాడు. బహుమతి అక్కడే ప్రకటించాడు. సన్నాయి మళ్లీ మోగింది. 

యలమంద మిషను మీద వేలు పెట్టాడు. మిషను ధన్యవాదాలు చెప్పింది.

సూర్యుడు నడినెత్తికి రాకముందే అంగడికి కాగితం అంటించారు. నేను చదివాను. "ప్రవేశ ద్వారమునకు ఆనుకొని విభిన్న ప్రతిభావంతులకు ప్రత్యేక వాహన నిలుపుదల సౌకర్యము కల్పించబడినప్పటికీ, సకాలములో హాజరు కానందున ఈ అంగడి రద్దు చేయడమైనది."

"ఏం రాశారన్నయ్యా?" అంది తిరపతమ్మ.

"సౌకర్యం కల్పించామని రాశారు," అన్నాను.

గంపలోని తోటకూర వాడిపోతోంది. ఆమె దాని మీద నీళ్లు చిలకరించి, క్యారియరు తీసుకుని బయటికి నడిచింది. షామియానా విప్పేశారు. మేళగాళ్లు వెళ్లిపోయారు. బజారులో నీడ ఉన్న చోటల్లా వేరేవాళ్ల అంగళ్లే. ఖాళీగా ఉన్నది ఆ నీలం గడి ఒక్కటే. దాని మీద గుమ్మం గోడ నీడ పడుతోంది. ఆమె వెళ్లి అందులో కూర్చుంది. యలమంద కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. గడిలో వాహనం ఆపకూడదని రాసి ఉంది గానీ, మనుషులు కూర్చోకూడదని ఎక్కడా లేదు.

తిరపతమ్మ మూత తీసింది. జొన్నన్నం, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ, మజ్జిగ.

మస్తాన్‌వలి అడ్డకర్ర వదిలేసి వచ్చాడు. తన టిఫిను డబ్బా చేతిలో ఉంది. ఒక్క క్షణం గీత బయట నిలబడి, చెప్పులు విడిచి, లోపలికొచ్చి కూర్చున్నాడు. కాసేపటికి ఏసోబు వచ్చాడు. అతని దగ్గర ఏమీ లేదు. తిరపతమ్మ ఒక ముద్ద కలిపి, క్యారియరు మూతలో పెట్టి ముందుకి జరిపింది. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని తిన్నాడు.

అవతల కమిటీ కార్యాలయం మీద బహుమతి బ్యానరు కడుతున్న సుత్తి చప్పుడు వినపడుతోంది. మొహం లేని బొమ్మ మనిషి మా మధ్యలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అతని ఒళ్లో తువాలు, తువాలు మీద సొరకాయ.

తినడం అయ్యాక యలమంద మజ్జిగ గిన్నెలో నీళ్లతో చెయ్యి కడుక్కున్నాడు. తుడుచుకుందామని అలవాటు కొద్దీ తువాలు వైపు చెయ్యి చాపాడు. సగంలో ఆగి, లుంగీకి తుడుచుకున్నాడు.